మురిగిపోయిన ముప్పై ఆరు వేలు

1969లో బాలమల్లు చదువు ఆగిపోయింది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరూరా ఊరేగింపులు తీస్తున్న రోజులవి. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. నిజామాబాద్‌లో పీయూసీ చదువుతున్న బాలమల్లు కూడా రెండు మూడు ఊరేగింపుల్లో నడిచాడు. గొంతు చిన్నది కాబట్టి వెనక వరసలో ఉండేవాడు. ముందున్నవాళ్లు "మన పైసలు ఏడ పోతున్నయ్?" అని అరుస్తుంటే, దీనికి ఏదో ఒక దఫ్తరులో, ఎక్కడో ఒక కాగితం మీద జవాబు రాసే ఉంటుంది కదా అనుకునేవాడు.

ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి నర్సవ్వ బాన్సువాడలో బీడీలు చుట్టేది. తండ్రి లేడు. కాలేజీ తెరుస్తారో లేదో తెలియదు. అట్లాంటప్పుడు ఖజానా శాఖలో గుమస్తా ఉద్యోగాలు పడ్డాయని ఎవరో చెబితే దరఖాస్తు పెట్టాడు. ఆ ఏడు చలికాలం మొదలయ్యే వేళకు బాన్సువాడ సబ్‌ట్రెజరీలోనే ఉద్యోగం వచ్చింది. ఊరేగింపుల్లో తోడు నడిచిన దోస్తులు టీ తాగించి నవ్వారు. "ఇగ నువ్వే చెప్పాలె మల్లన్నా, మన పైసలు ఏడ పోతున్నయో!"

సబ్‌ట్రెజరీ అంటే తాలూకాలో సర్కారు డబ్బు వచ్చిపోయే దర్వాజా లాంటిది. పంతుళ్ల జీతాలు, ముసలివాళ్ల పింఛన్లు, రోడ్ల బిల్లులు, దవాఖాన మందుల బిల్లులు అన్నీ ఆ పాతకాలపు రాతిగోడల గదిలోకి వచ్చి, అక్కడ పాసై బయటికి పోవాలి. వెనక ఇనుప తలుపుల గది, దాని ముందు తుపాకీతో పోలీసు. బాలమల్లుకు ఆ ఆఫీసు మొదటిరోజు నుంచే నచ్చింది. అక్కడ ప్రతి రూపాయికి ఒక తారీఖు ఉంటుంది. ప్రతి తారీఖు పక్కన ఎవరిదో ఒకరి సంతకం ఉంటుంది. మనుషులు మాట మార్చవచ్చు, రిజిస్టరు మార్చదు.

అతనికి ఈ గుణం తల్లి నుంచే వచ్చిందని తెలిసినవాళ్లు అనేవారు. నర్సవ్వ చుట్టిన బీడీలు తీసుకునేవాడు వాటిలో కొన్ని బాగాలేవని పక్కన పడేసి, వాటికి కూలి కోసేవాడు. మిగతా ఆడవాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయేవారు. నర్సవ్వ కదిలేది కాదు. "ఒక్కొక్కటి చేత్లవట్టి చూపియ్. ఏం ఖరాబైంది జెప్పు. జెప్పినంక కొయ్యి" అనేది. వాడు చూపించలేక సగం మళ్లీ బుట్టలో వేసేవాడు. బాలమల్లుకు తల్లిలా ఎదురు నిలబడి అడగడం రాలేదు గాని, లెక్కకు లెక్క చెప్పాలన్న పట్టుదల మాత్రం వచ్చింది.

పదేళ్లు గడిచాయి. డిపార్టుమెంటు పరీక్షలు ఒక్కొక్కటే పాసయ్యాడు. కొన్నాళ్లు బోధన్‌లో చేసి, అకౌంటెంటుగా మళ్లీ బాన్సువాడకే వచ్చాడు. లలితమ్మతో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా బిల్లు వెనక్కి పంపుతాడని ఆఫీసుల్లో అతనికి 'రూలు బాలమల్లు' అని పేరు పడింది. ఆ పేరు విని లోపల్లోపల గర్వపడేవాడు కూడా.

నస్రుల్లాబాద్ వైపు మూడు లంబాడి తండాలకు తాగునీటి బోరింగులు మంజూరైంది ఆ రోజుల్లోనే. బోరింగు అంటే భూమికి బొక్క వేసి, పైన చేతిపంపు బిగించడం. తండాకు ఒకటి చొప్పున మూడింటికి ముప్పై ఆరు వేల రూపాయలు. ఆ డబ్బు విడుదలైనట్టు హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తర్వు ప్రతిని రిజిస్టరులో ఎక్కించింది బాలమల్లే. తారీఖు 1979 మార్చి ఇరవై ఎనిమిది.

సర్కారుకు ఏప్రిల్‌తో ఏడాది మొదలవుతుంది, మార్చితో ముగుస్తుంది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రంలోగా ఖర్చు కాని డబ్బు ఇక ఆ పనికి ఉండదు, తిరిగి పోతుంది. ఆఫీసుల్లో దాన్ని మురిగిపోవడం అంటారు. మూడు రోజుల్లో బోరు వేసే బండిని ఎవరు తెస్తారు, పని ఎప్పుడు చేస్తారు, బిల్లు ఎప్పుడు పెడతారు? ఎవరూ పెట్టలేదు. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం బాలమల్లు ఎర్ర సిరాతో ఆ పద్దు కింద గీత కొట్టి, 'మురిగినది' అని రాశాడు.

మరుసటేడు అదే డబ్బు మళ్లీ వచ్చింది, మార్చి ఇరవై తొమ్మిదిన. ఆ రోజు శనివారం, మర్నాడు ఆదివారం. మళ్లీ ఎర్ర గీత. 1981లో మార్చి ఇరవై ఏడు. మళ్లీ ఎర్ర గీత. 1982లో అయితే ఉత్తర్వు ముప్పై ఒకటో తారీఖునే, మధ్యాహ్నం మూడు గంటలకు టపాలో వచ్చింది. అప్పటికి బాలమల్లు సబ్‌ట్రెజరీ ఆఫీసరయ్యాడు. వచ్చినట్టు పైన రాసి, మురిగినట్టు కింద రాశాడు. రెండు వరసలూ కుర్చీలోంచి లేవకుండా ఒకేసారి రాశాడు. రాశాక పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు. మరుసటేడు ఆ ఉత్తర్వు అసలు రానేలేదు.

ఆ మూడు తండాల్లో ఒకదాని నుంచి భీమ్లి అనే ఆమె వారానికొకసారి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని బాన్సువాడ వచ్చేది. లలితమ్మ ఆమె దగ్గరే కట్టెలు కొనేది. మోపు దించి, అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, ఇంకో చెంబు అడిగి తాగేది.

"మీ ఇంట్ల నీళ్లు మంచిగుంటయక్కా" అంది ఒకసారి లలితమ్మతో. "మాకు కాలువ పారినన్ని దినాలు కాలువే దిక్కు. కోసున్నర నడవాలె. ఎండాకాలం కాలువ బందైతే వాగుల ఇసుక తోడి చెలిమె తీస్తం. గంట కూసుంటే కడివెడు ఊర్తయ్."

"సర్కారోళ్లు బోరింగు ఏస్తలేరా?" అని లలితమ్మ అడిగింది.

"ఏస్తమన్నరు. జాగ గుడ చూపిచ్చినం. మా మరిది రూప్‌సింగు సున్నంతోటి గుర్తు గుడ పెట్టిండు. నాలుగేండ్లాయె. పైసలు రాలేదంట. ఏడ పోయినయో ఎవరికి తెల్సు?"

లోపల చొక్కా వేసుకుంటున్న బాలమల్లు గుండీ మీద చెయ్యి ఆపాడు. ఏడ పోయినయో అతనికి తెలుసు. తారీఖులతో సహా తెలుసు. బయటికి వచ్చి చెప్పవచ్చు. చెబితే ఏమవుతుంది? ఆఫీసు సంగతులు అరుగు మీద మాట్లాడకూడదన్న రూలు ఒకటి ఉంది. అతను వెనక దర్వాజా నుంచి ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆ రోజు తనకే తెలియకుండా మూడు బిల్లులు ఊరికే వెనక్కి పంపాడు.

1983 ఆఖర్లో ఒక మధ్యాహ్నం రూప్‌సింగ్ ట్రెజరీకి వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. తండాలో పదో తరగతి పాసైన మొదటివాడు. బస్టాండు దగ్గర సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. చేతిలో మడతపెట్టిన పేపరు ఉంది. శాసనసభలో ఎవరో సభ్యుడు ఆ బోరింగుల గురించి ప్రశ్న అడిగాడట. సర్కారు ఇచ్చిన జవాబు నాలుగు వరసల్లో అచ్చయింది. స్థానికులు స్థలం ఇవ్వనందున నిధులు ఖర్చు కాలేదని అందులో ఉంది.

"సారూ, మేం జాగ ఇయ్యలేదని రాసిండ్రు" అన్నాడు రూప్‌సింగ్. గొంతు లేవలేదు. అవమానపడ్డ మనిషి గొంతు అది. "మూడు తండాలోళ్లం అంగూఠాలు పెట్టి కాయితం ఇచ్చినం. సున్నం గీతలు ఇంకా ఉన్నయ్, వచ్చి చూడుండ్రి. మా పేరు మీద గిట్ల అబద్ధం ఎవరు రాసిండ్రు? మీ దగ్గర ఏమన్న కాయితం ఉంటదా?"

బాలమల్లు బల్ల మీది గాజుబిళ్లను అటూ ఇటూ తిప్పాడు. "ఉన్నదీ లేనిదీ నేను చెప్పరాదు రూప్‌సింగూ. అడిగేటోళ్లు అడిగితెనే చెప్పాలె."

"అడిగేటోళ్లంటే ఎవరు సారూ?"

"ఎమ్మెల్యేలు. వాళ్ల కమిటీ ఒకటుంటది, సర్కారు పైసలు ఎట్ల ఖర్చయినయో చూసేది."

రూప్‌సింగ్ తల ఊపాడు. పేపరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఆ వారమే మూడు తండాల పేరుతో ఒక దరఖాస్తు, స్థలం ఇచ్చిన కాగితం నకలుతో సహా, ఆ కమిటీ అధ్యక్షుడికి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. ఎవరికి రాయాలో తనే చెప్పానన్న సంగతి బాలమల్లుకు తర్వాత గాని తట్టలేదు.

సంక్రాంతి దాటిన పదిరోజులకు జిల్లా ట్రెజరీ నుంచి కబురు వచ్చింది. శాసనసభ్యుల కమిటీ నిజామాబాద్ వస్తోంది. తండాల బోరింగుల సంగతి కూడా చూస్తారట. సంబంధించిన రిజిస్టర్లు తీసుకుని స్వయంగా రావాలి.

ముందురోజు సాయంత్రం బాలమల్లు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. నర్సవ్వ గోడకు ఆనుకుని, చేట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. వద్దన్నా ఆమె బీడీలు చుట్టడం మానలేదు.

"ఏందిరా గట్లున్నవ్? రేపు ఏమన్న కొడ్తరా నిన్ను?" అంది.

"కొట్టరవ్వా. సవాల్ జేస్తరు, లెక్క అడుగుతరు."

"జేస్తే జెప్పు. నీకు తెల్వదా?"

"తెల్సు. గదే ఫికర్."

లలితమ్మ కూర వడ్డిస్తూ మెల్లగా అంది. "భీమ్లి అడిగిన్నాడు నువ్వు ఎన్కదిక్కు నుంచి పోయినవ్. నేను చూసిన. రేపు గట్ల పోయేందుకు ఎన్క దర్వాజ ఉండదు."

ఆమె కోపంగా అనలేదు. అయినా ఆ మాట అతనికి రాత్రంతా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సులో, రిజిస్టర్లు గుడ్డలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని నిజామాబాద్ చేరాడు. జిల్లా ట్రెజరీ అధికారి సాంబమూర్తి వరండాలోనే ఎదురయ్యాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, రిటైరవడానికి ఏడాది ఉంది. ఎవరినీ నొప్పించడు, ఎవరి చేతా మాట పడడు.

"చూడు బాలమల్లూ, వాళ్లు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. ముందుకెళ్లొద్దు, వెనక్కెళ్లొద్దు. నిన్ను అడిగితేనే మాట్లాడు. చాలావరకు నేను చూసుకుంటాను."

"మంచిది సార్."

కలెక్టరేటు మీటింగు హాలులో గుర్రపునాడా ఆకారంలో బల్లలు వేశారు. ఒకవైపు తొమ్మిదిమంది శాసనసభ్యులు, ఎదురుగా జిల్లా అధికారులు. బాలమల్లు సాంబమూర్తి వెనక గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. కమిటీ అధ్యక్షుడు హరనాథబాబు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. కళ్లద్దాలు ముక్కు చివరన పెట్టుకుని, ప్రశ్న అడిగాక ఎదుటివాళ్ల మొహం కేసి చూస్తూ ఉండిపోతాడు. ఆ చూపుకే సగంమంది తడబడుతున్నారు. రోడ్లు, హాస్టళ్లు, విత్తనాలు అయ్యాక బోరింగుల వంతు వచ్చింది.

నీటి పనులు చూసే ఇంజనీరు లేచి ఇంగ్లీషు, తెలుగు కలిపి గబగబా చెప్పాడు. "సైట్ ప్రాబ్లమ్ ఉంది సర్. లోకల్ పీపుల్ కోఆపరేట్ చేయలేదు. అందువల్ల ఫండ్స్ లాప్స్ అయ్యాయి."

హరనాథబాబు ముందున్న కాగితం ఎత్తి చూపించాడు. "మరి తండావాళ్లు స్థలం ఇచ్చినట్టు వేలిముద్రలతో ఇది నా దగ్గరుందే? మీ ఆఫీసు ముద్ర కూడా ఉంది. 1979 జనవరిది."

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు.

"ట్రెజరీవారు చెప్పండి. డబ్బు వచ్చిందా, రాలేదా?"

సాంబమూర్తి లేచాడు. "వచ్చిందండి. నాలుగేళ్లూ వచ్చింది. ఖర్చు కానందువల్ల నిబంధనల ప్రకారం మురిగిపోయింది."

అంతటితో అది ముగిసేదే. కాని చివర కూర్చున్న లక్ష్మీకుమారి అనే సభ్యురాలు పెన్నుతో బల్ల మీద కొట్టింది. ఆమె ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషట. "ఏ తారీఖున వచ్చిందండీ?"

సాంబమూర్తి వెనక్కి తిరిగి చూశాడు.

బాలమల్లు లేచి నిలబడ్డాడు. గుడ్డమూట విప్పి, మొదటి రిజిస్టరు తెరిచి, పెద్దగా చదివాడు.

"1979 మార్చి ఇరవై ఎనిమిది వచ్చింది. ముప్పై ఒకటిన మురిగింది. 1980 మార్చి ఇరవై తొమ్మిది, శనివారం వచ్చింది. ముప్పై ఒకటిన మురిగింది. 1981 మార్చి ఇరవై ఏడు వచ్చింది. ముప్పై ఒకటిన మురిగింది. 1982 మార్చి ముప్పై ఒకటిన మధ్యాన్నం మూడింటికి వచ్చింది." ఆగాడు. "గా దినమే పొద్దుమీకి మురిగింది."

హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"మూడు రోజుల్లో బోరు వేయించగలరా?" అని లక్ష్మీకుమారి ఇంజనీరును అడిగింది.

"కష్టం మేడమ్."

"రెండు గంటల్లో?"

అతను తల వంచుకున్నాడు.

హరనాథబాబు అద్దాలు తీసి తుడుచుకుని, బాలమల్లు కేసి చూశాడు. "మీ పేరు? ఎన్నేళ్ల నుంచి ఆ రిజిస్టరు రాస్తున్నారు?"

"బాలమల్లు సార్. ఈ నాలుగు పద్దులు నా చేతితోనే రాసిన."

"నాలుగేళ్లు చూస్తూ కూర్చున్నారన్నమాట. ఇది ఇట్లా జరుగుతోందని పైకి ఒక్క ఉత్తరమైనా రాశారా?"

సాంబమూర్తి సర్దుకుని ఏదో చెప్పబోయాడు. చెప్పడానికి జవాబు ఉంది. డబ్బు ఎప్పుడు విడుదల చేయాలో చెప్పడం ట్రెజరీ పని కాదు. ఏ రూలులోనూ లేదు. బాలమల్లు నోట కూడా ముందు అదే వచ్చింది.

"గట్ల రాయాలని రూలు లేదు సార్." గుడ్డమూట కొస చేతిలో నలుపుతున్నాడు. "కాని అది అసలు జవాబు గాదు సార్. రాయొద్దని గుడ రూలు లేదు. నాకు తెల్సు. తండ ఆమె మా అరుగు మీద కూసోని పైసలు ఏడ పోయినయని అడిగింది. గప్పుడు గుడ నేను చెప్పలే. రాస్తే రాయొచ్చు. రాయలే. తప్పే."

సాంబమూర్తి కళ్లు మూసుకున్నాడు. హరనాథబాబు పక్కనున్న గుమస్తాతో మెల్లగా అన్నాడు. "ఈయన చెప్పిన తారీఖులూ, ఈ ఆఖరి మాటా రెండూ రాసుకో." ఆ తర్వాత బాలమల్లుతో, "కూర్చోండి. ఇవాళ పొద్దుటి నుంచి మాకు నేరుగా వచ్చిన జవాబు ఇదొక్కటే" అన్నాడు.

బయట క్యాంటీనులో సాంబమూర్తి రెండు టీలు చెప్పాడు. తన టీ తాగకుండా గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాడు. "తారీఖులు చదివావు, బాగుంది. నీ మీద నువ్వు ఎందుకు చెప్పుకున్నావయ్యా?"

"అడిగినదానికి మాత్రమే చెప్పుమన్నరు కద సార్. ఆయన గదే అడిగిండు."

సాంబమూర్తికి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ముప్పై నాలుగేళ్ల సర్వీసు నాది. ఎవరైనా ఇట్లా అంటే విందామనుకున్నాను. సరే, మెమో వస్తుంది. నా చేతి మీదుగానే వస్తుంది. భయపడకు."

మెమో వచ్చింది. కమిటీ ముందు అవసరానికి మించి మాట్లాడినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది. బాలమల్లు మూడు వరసల్లో జవాబు రాశాడు. అడిగిన ప్రశ్నకు నిజం చెప్పానని, రిజిస్టరు పేజీల నకళ్లు జతచేశానని, ఇకమీదట ఆలస్యంగా వచ్చిన ప్రతి ఉత్తర్వు గురించి తారీఖు వేసి పైకి ఉత్తరం రాస్తానని. మూడు నెలలు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఎటో దూరం బదిలీ చేస్తారని ఆఫీసుల్లో అనుకున్నారు. లలితమ్మ పాత ట్రంకుపెట్టెను కడిగి ఎండబెట్టింది కూడా. బదిలీ రాలేదు. మెమో మీద ఇంకేమీ రాలేదు.

ఏప్రిల్‌లో కమిటీ నివేదిక బయటికి వచ్చింది. దానిలో బోరింగుల గురించి ఒక పేరా ఉంది. హైదరాబాదులో ఫైలు ఏ బల్ల మీద ఎన్ని వారాలు పడి ఉందో కమిటీవాళ్లు ఆరా తీశారట. తాగునీటి డబ్బు సంవత్సరం మొదటి మూడు నెలల్లోనే విడుదల చేయాలని, స్థలం ఇవ్వలేదన్న మాటను రికార్డు నుంచి దిద్దాలని రాశారు. రూప్‌సింగ్ ఆ పేరాను నకలు చేసుకుని తండాలో చదివి వినిపించాడు. డబ్బు సంగతి కంటే ముందు, ఆ దిద్దమన్న మాటను రెండుసార్లు చదివించుకున్నారట.

1984 జూన్ పద్దెనిమిదిన ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఆరు వేలు. బాలమల్లు దాన్ని రిజిస్టరులో నల్ల సిరాతో ఎక్కించి, ఆ పూట ఇంకే పనీ చేయలేకపోయాడు.

బోరు వేసే బండి జులైలో వచ్చింది. బాలమల్లు ఒక రోజు సెలవు పెట్టి, సైకిలు మీద భీమ్లి వాళ్ల తండాకు వెళ్లాడు. సర్కారు ఉద్యోగంలో చేరాక, తను లెక్క రాసిన డబ్బు పనిగా మారడం ఎప్పుడూ కళ్లతో చూడలేదు. బండి చెవులు చిల్లులు పడేలా మోగుతూ సున్నం గీతల మధ్య భూమిని తొలుస్తోంది. ఎర్రమన్ను వచ్చింది. తర్వాత తెల్ల రాతిపొడి వచ్చింది. మధ్యాహ్నం దాకా పొడే వచ్చింది. నూటయాభై అడుగుల దగ్గర రాయి ఇంకా పోవడం లేదని బండివాడు ఆపేశాడు. చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు. భీమ్లి కడవను బోర్లించి పక్కన పెట్టుకుంది.

బాలమల్లు ఆ తెల్లపొడి కేసి చూశాడు. ఇన్ని తారీఖులు చదివినా భూమిలో నీళ్లు లేకపోతే ఏం చేసేటట్టు?

ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు, ఆ రోజు హాల్లో తల వంచుకున్న మనిషే. అతను బాలమల్లును చూసీ చూడనట్టున్నాడు. కొంచెంసేపటికి తనే దగ్గరికి వచ్చి, "వాగు దిక్కు ఇంకో జాగ ఉంది. అక్కడ రాతి మధ్యల పగులు ఉండొచ్చనిపిస్తుంది. బండి కిరాయి ఇయ్యాల్టి వరకున్నది, చూద్దామా?" అన్నాడు. సలహా అడగాల్సిన అవసరం అతనికి లేదు. అయినా అడిగాడు. బాలమల్లు తనకు తెలియని సంగతిలో తల ఊపాడు.

పొద్దు వాలే వేళ, తొంభై అడుగుల దగ్గర, గొట్టంలోంచి బురదనీళ్లు ఎగిరి అందరి మీద పడ్డాయి. బండివాడు పరుగెత్తి పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్లు మాత్రం కదలలేదు. భీమ్లి మొహం మీద బురద తుడుచుకోకుండా పెద్దగా నవ్వుతోంది. ఇంజనీరు తడిసిన కాగితాలు దులుపుకుంటూ, "రేపటి నుంచి తెల్లగైతయ్" అని నలుగురికీ చెబుతున్నాడు.

రెండో తండాలో మొదటి బొక్కకే నీళ్లు పడ్డాయి. మూడో తండాలో రెండుచోట్ల చూసినా పడలేదు. డబ్బు అయిపోయింది. ఆ తండావాళ్ల మొహాలు చూడలేక బాలమల్లు ఆ వారం వాళ్లు బస్సు దిగే బస్టాండు దారి మానేశాడు.

ఆ తర్వాతే అతనికి బోర్డు ఆలోచన వచ్చింది. బడిలో పక్కన పడేసిన నల్లబల్ల ఒకటి అడిగి తెచ్చి, సబ్‌ట్రెజరీ వరండాలో గోడకు బిగించాడు. ఏ పనికి ఎంత డబ్బు విడుదలైందో, ఉత్తర్వు ఏ తారీఖున వచ్చిందో, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో తెలుగులో రాసి పెట్టేవాడు. ప్రతి సోమవారం చెరిపి మళ్లీ రాసేవాడు. పక్క ఆఫీసులవాళ్లు సాంబమూర్తికి ఫిర్యాదు చేశారు. రిటైరవడానికి నెల ముందు ఆయన వచ్చి బోర్డు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని పై నుంచి కింద దాకా చదివాడు.

"బోర్డు పెట్టమని రూల్సులో లేదు" అన్నాడు.

"పెట్టొద్దని గుడ లేదు సార్."

"అదే నేనూ రాస్తాను" అని ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదట్లో ఆ బోర్డు దగ్గర పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లే నిలబడేవారు. చదువు రానివాళ్లకు గార్డు పోలీసు చదివి చెప్పేవాడు. తర్వాత పిట్లం నుంచి, వర్ని నుంచి బస్సు దిగిన సర్పంచులు బజారుకు పోయే ముందు ఒకసారి చూసి పోవడం మొదలుపెట్టారు. వర్ని దగ్గరి రైతు బసవపున్నయ్య పంటకాలువ తూము మరమ్మతు డబ్బు వచ్చిన సంగతి అక్కడ చదివి, నలుగురిని వెంటబెట్టుకుని కాలువ పనులు చూసే ఆఫీసుకు వెళ్లాడు. మరమ్మతు ఆ సీజనులోనే అయింది.

1985 ఆగస్టులో ఒక సోమవారం బాలమల్లు సుద్దముక్కతో బోర్డు మీద కొత్త వరస రాశాడు. మూడో తండా బోరింగుకు మళ్లీ పన్నెండు వేలు. అరగంట కాకముందే రూప్‌సింగ్ పంక్చరు వేస్తున్న సైకిలు అట్లాగే వదిలేసి వచ్చాడు. వరస చదివాడు. మోకాళ్ల దాకా ఎత్తికట్టిన పంచె దించుకుని, తడిచేతులు దానికే తుడుచుకుని, ఇంజనీరు ఆఫీసు వైపు వడివడిగా వెళ్లిపోయాడు. లోపలికి వచ్చి బాలమల్లును పలకరించనైనా లేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఇంజనీరు.

"ఏం బాలమల్లు సాబ్, మా ఉత్తర్వు మాకింకా రాలేదు. తండోళ్లు పదిమంది వచ్చి మా ముందర కూసున్నరు. బండి ఎప్పుడు తెస్తరని అడుగుతుండ్రు. వీళ్లకు ఎవరు చెప్పిండ్రు?"

"బోర్డు మీద రాసిన సార్. చదువుకున్నరు."

ఇంజనీరు నవ్వుతున్నట్టు వినిపించింది. "ఈసారి వాగు దగ్గరే షురూ చేస్తం. చెప్పుండ్రి వాళ్లకు."

"మీ ముందరనే ఉన్నరు కద సార్. మీరే చెప్పుండ్రి."

ఫోను పెట్టేసి బాలమల్లు బిల్లుల కట్ట ముందుకు లాక్కున్నాడు. వరండాలో గోల ఎక్కువైంది. బోర్డు మీద రోడ్డు పద్దు ఎదుట రాసిన అంకె తప్పని ఒక రిటైర్డు పంతులు వాదిస్తున్నాడు, తప్పు కాదని ఇద్దరు రైతులు అంటున్నారు. కొత్తగా చేరిన గుమస్తా ఆ గోలలో లెక్క కుదరక, లేచి కిటికీ వేయబోయాడు.

"ఉండనియ్" అన్నాడు బాలమల్లు. కళ్లద్దాలు పెట్టుకుని రిజిస్టరు తీశాడు. "పంతులు చెప్పేది జెర చూద్దాం. నిజంగనే తప్పు రాసిననేమో."